నూట పది బై డెబ్బై

రక్తపోటు చూడడం రాకుండానే నేను ఏడు నెలల పాటు గర్భిణులకి రక్తపోటు చూశాను. చూశానని కార్డుల మీద రాశాను. ఈ ఒక్క ముక్క ఒప్పుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, కాబట్టి కాస్త నెమ్మదిగా చెప్పనివ్వండి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. తెనాలిలో మా అబ్బా, అంటే మా నాన్న, రేకు పెట్టెలు చేసేవాడు. ఇంటి ముందు గదే కొట్టు. పొద్దున్నించి సాయంత్రం దాకా సుత్తి మోత. ఆ మోతలో వినపడాలని ఇంట్లో అందరం అరిచే మాట్లాడేవాళ్ళం. కొత్తగా వచ్చిన చుట్టాలు మేం పోట్లాడుకుంటున్నామనుకుని సర్దిచెప్పడానికి మధ్యలో కూర్చునేవాళ్ళు. చిన్నప్పుడు నా ఎడమ చెవి చీము కారేది. మా నానీ, మా అమ్మకి అమ్మ, వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసి దూది పెట్టేది. చీమైతే ఆగింది కానీ ఆ చెవి సగానికి సగం మూసుకుపోయింది. అందరూ అరిచే ఇంట్లో అది ఎవరికి తెలుస్తుంది? నేనూ చెప్పలేదు. ఆడపిల్లకి చెవుడని ఒక్కసారి బయటికి పొక్కితే ఆ తర్వాత ఊళ్ళో ఏం మాట్లాడతారో నాకు బాగా తెలుసు.

ఇంటర్ అయ్యాక ఆరోగ్య కార్యకర్తల శిక్షణలో సీటు వచ్చింది. ఏడాదిన్నర చదువు. పాసైతే పల్లెల్లో చిన్న ఆరోగ్య ఉపకేంద్రాల్లో ఉద్యోగం: టీకాలు, గర్భిణుల పరీక్షలు, కాన్పులు. జనం నర్సమ్మ అంటారు. పెట్టె కొనడానికి వచ్చిన ప్రతివాడికీ మా అబ్బా, "మా అమ్మాయి నర్సమ్మ చదువు చదువుతోందండి" అని సుత్తి పక్కన పెట్టి మరీ చెప్పేవాడు.

ఆ స్కూలు ఏ ఊళ్ళోదో చెప్పను. ఇప్పుడది లేదు కూడా. ముప్ఫై మంది అమ్మాయిలం, ఒక్క బి.పి. పెట్టె, ఒక్క స్టెతస్కోపు. పంతులమ్మ ఒకరోజు ఒక అమ్మాయి చేతికి పట్టీ కట్టి, గాలి కొట్టి చూపించింది. గాలి మెల్లగా వదులుతుంటే గొట్టంలో పాదరసం దిగుతుంది. ఒకచోట చెవుల్లో టక్ టక్‌మని చప్పుడు మొదలవుతుంది, అది పై అంకె. ఆ చప్పుడు ఆగిపోయిన చోటు కింది అంకె. అంతే పాఠం. తర్వాత వరసలో నిలబెట్టి ఒక్కొక్కళ్ళకీ అర నిమిషం చొప్పున వినమంది. 

"వినపడిందా?"

"వినపడిందండి మేడమ్."

నా ముందు పద్నాలుగు మంది ఆ మాటే అన్నారు. నా వంతు వచ్చింది. చెవుల్లో ఏదో సముద్రం హోరు లాంటిది తప్ప టక్కూ లేదు, టిక్కూ లేదు. నా గుండె మాత్రం నాకే వినపడేంత గట్టిగా కొట్టుకుంటోంది. అయిపోయింది, ఈ చెవితో పట్టుబడిపోయాను, రేపు పెట్టె సర్దుకుని తెనాలి బస్సెక్కడమే అనుకున్నాను. పంతులమ్మ గడియారం చూసుకుంటోంది. 

"వినపడిందండి మేడమ్," అన్నాను.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. భయం అంటే ఎప్పుడో ఒకసారి వచ్చిపోయేది కాదు. అన్నం తింటున్నా, జడ వేసుకుంటున్నా కడుపులో అక్కడే కూర్చుని ఉండేది. చెవి వినపడకపోతే కంటితో నెట్టుకొద్దామని చూశాను. పాదరసం దిగుతున్నప్పుడు ఒకచోట సన్నగా ఉలిక్కిపడడం మొదలవుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక చిన్న వణుకు. ఆ వణుకు మొదలైన చోటికి పదో పన్నెండో తగ్గించి చెప్పేదాన్ని. కింది అంకె నా ఊహ. పరీక్షలో నా ముందున్న అమ్మాయి నూట పద్దెనిమిది బై డెబ్బై ఆరు అని చెప్పడం గుమ్మంలోంచి విన్నాను కదా, నేను నూట పదహారు బై డెబ్బై నాలుగు అన్నాను. పాసైపోయాను. నా తెలివికి నేనే మురిసిపోయాను, నా మొహం!

తర్వాత చదువులో భాగంగానే మమ్మల్ని పల్లెలకి పంపారు. నన్నూ, నందివెలుగు నుంచి వచ్చిన ఇంకో అమ్మాయినీ చెరుకుపల్లి దగ్గర ఒక ఊరి ఉపకేంద్రంలో వేశారు. ఆ అమ్మాయిని అందరూ నందివెలుగు అనే పిలిచేవాళ్ళు. మా మీద పెద్ద సిస్టర్ ఒకావిడ. రోజూ రేపల్లె నుంచి బస్సులో వచ్చేది. నలభై అయిదేళ్ళుంటాయి, కేక వేస్తే వీధి చివర కుక్క లేచి కూర్చునేది. పని చేతిలో పెట్టి నమ్మడమే ఆవిడ పద్ధతి. "మీరు బి.పి.లు చూసి చెప్పండి, నేను రిజిస్టరు రాస్తా" అనేది. అందరికీ నూట పది బై డెబ్బై చెబితే ఎవరూ రెండోసారి అడగరని నాకు పది రోజుల్లో అర్థమైంది. ఎక్కువ చెబితే ఆవిడ లేచి వచ్చి పక్కన నిలబడుతుంది, "ఏదీ, నా ఎదురుగా మళ్ళీ చూడు" అంటుంది. అది తలుచుకుంటేనే నాకు చెమటలు పట్టేవి.

ఆ రోజు గర్భిణుల పరీక్షల రోజు. వచ్చిన వాళ్ళలో వేటపాలెం నుంచి ఆ ఊరికి కోడలై వచ్చిన పిల్ల ఉంది. ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, తొలి కాన్పు. తొమ్మిదో నెల పడింది, ఆ మధ్యాహ్నమే పుట్టింటికి బయల్దేరుతోంది. వాళ్ళమ్మ వేటపాలెంలో జీడిపప్పు కార్ఖానాలో గింజలు కొట్టే పని చేస్తుంది. పురిటి రోజులు తన దగ్గరే అని కబురు పెట్టిందట. ఆ పిల్ల మొహం నిండా సంతోషం. మొహమే కాస్త ఉబ్బి ఉంది. 

"కొంచెం తల బరువుగా ఉందమ్మా," అంది.

"ఎండలో నడిచొచ్చావుగా," అన్నాను.

"కళ్ళ ముందర మెరుపుల్లాగా ఏంటో కనపడతన్నయ్యి."

"పొద్దున ఏమన్నా తిన్నావా?"

తినలేదంది. ఆ మాట దొరికింది కదా, హమ్మయ్య అనుకున్నాను. పట్టీ కట్టి గాలి కొట్టాను. పాదరసం పైదాకా పోయింది. వదలడం మొదలుపెట్టానో లేదో, నూట ఎనభై దగ్గరే వణకడం మొదలైంది. నూట డెబ్బై, నూట అరవై, వణుకుతూనే ఉంది. చెయ్యి కదిలించి ఉంటుందిలే, గొట్టం వదులై ఉంటుందిలే అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మూత్రం పరీక్ష చేస్తే సంగతి తేలేదే, కానీ వేడి చేసే దీపంలో స్పిరిటు అయిపోయి వారమైంది. వెనక నుంచి పెద్ద సిస్టర్ అడిగింది.

"ఎంతే?"

కిందటి నెల నా చేత్తోనే రాసిన అంకె కార్డు మీద కనపడుతోంది.

"నూట పది బై డెబ్బై సిస్టర్."

ఆవిడ రాసుకుంది. నేను కార్డు మీద రాసి ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఆమె దాన్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవరులో దోపుకుని, "వెళ్ళొస్తానమ్మా" అని నవ్వి పోయింది. నడుస్తుంటే చూశాను. పాదాలు వాచి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడిపోయి ఉన్నాయి.

పదకొండున్నరకి పెద్ద సిస్టర్ మా ఉపకేంద్రానికి పైనున్న ఆరోగ్య కేంద్రంలో నెలవారీ మీటింగుకి వెళ్ళిపోయింది. మేమిద్దరమే మిగిలాం. క్యారేజీ విప్పి, తినకుండానే మళ్ళీ మూసేశాను. తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, కాళ్ళ వాపు. మా నోట్సులో ఈ మూడూ ఒకే పేజీలో, ఒకదాని కింద ఒకటి, నా గుండ్రటి అక్షరాల్లోనే ఉన్నాయి. నాలుగోది ఫిట్సు. అయిదోది ఎర్ర సిరాతో రాసుకున్నాను: తల్లీ బిడ్డా చనిపోవచ్చు. పరీక్షకి బట్టీ కొట్టిన పేజీ అది. ఆ పిల్ల వేటపాలెం వెళ్ళాక ఎవరికి చూపించుకున్నా ముందు కార్డు అడుగుతారు. కార్డు మీద నూట పది బై డెబ్బై ఉంది. అది చూశాక ఎవరూ కంగారు పడరు. నేను ఆ పిల్ల చేతికి కార్డు ఇవ్వలేదు, దారి మూసేసి పంపాను.

వాళ్ళ ఇంటికి పరిగెత్తి మళ్ళీ చూద్దామా? చూస్తే మాత్రం ఏం తెలుస్తుంది నాకు? చెవిటిదాన్ని! యా అల్లా, ఏం చెయ్యను? నిజం చెబితే స్కూల్లోంచి పంపేస్తారు. మా అబ్బా సుత్తి పక్కన పెట్టి అందరికీ ఏం చెబుతాడు? చెప్పకపోతే ఆ పిల్ల బస్సెక్కేస్తుంది. 

ఆఖరికి నందివెలుగు చెయ్యి పట్టుకున్నాను. "ఒసే, నీకు దణ్ణం పెడతా. ఆ వేటపాలెం అమ్మాయికి నువ్వొకసారి బి.పి. చూడవే. నాకు చెవి సరిగ్గా వినపడదు. ఇన్నాళ్ళూ ఉజ్జాయింపుగా రాస్తున్నా."

తిడుతుందనుకున్నాను. అది గుడ్లప్పగించి చూసింది.  

"నాకూ వినపడదే," అంది. 

"నీ చెవులు బాగానే ఉన్నాయిగా?"

"చెవులు బాగానే ఉన్నయ్. అందులో చప్పుడే వినపడదు. నువ్వు చెప్పే అంకెలకే అటూ ఇటూగా చెబుతున్నా."

అప్పుడు పట్టుకుంది నాకు అసలు భయం. అంతవరకు నేనొక్కదాన్నే దొంగని, పక్కన ఒక సరైన మనిషి ఉంది అనే ధైర్యం ఏదో మూల ఉండేది. దాని అంకె నేను చూసి, నా అంకె అది చూసి, ఏడు నెలలు ఇద్దరం ఒకళ్ళ మీద ఒకళ్ళం ఆనుకుని నిలబడ్డాం. మా ఇద్దరి కిందా నేల లేదు.

"బస్సెన్నింటికి?" అంది నందివెలుగు.

వర్జ్యం ఒంటిగంటన్నర దాకా ఉందని, అది పోయాకే గుమ్మం దాటుతామని ఆ పిల్ల పొద్దున చెప్పింది. గడియారం చూశాను. ఒంటిగంటా ఇరవై. ఇద్దరం తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తాం.

మేం వెళ్ళేసరికి వాళ్ళు రోడ్డు మీదే ఉన్నారు. పిల్ల, అత్తగారు, సంచీలు, చీర చెంగులో చలివిడి మూట. బాపట్ల బస్సు వచ్చే వేళయింది. బాపట్లలో దిగి వేటపాలెం పోవాలి. 

"వెళ్ళొద్దండి, ఒకసారి డాక్టరు గారికి చూపించాలి," అన్నాను, రొప్పుతూ.

"ఏంటమ్మా మీ గోల?" అంది అత్తగారు. "పొద్దున అంతా బాగుందని రాసిచ్చింది నువ్వే కదమ్మా! మంచి ఘడియ చూసుకుని గుమ్మం దిగిన పిల్లని వెనక్కి తిప్పుతారా ఎవరన్నా?"

"పొద్దున నేను సరిగ్గా చూడలేదండి."

"చూడకుండానే రాశావా?"

దూరంగా బస్సు హారన్ వినపడింది. అప్పుడు ఆ పిల్లే, "అత్తమ్మా, నాకు ఆ బస్సు రెండు బస్సుల్లాగా కనపడతంది," అంది. అత్తగారు కోడలి మొహంలోకి చూసింది. సంచీ కింద పెట్టి నా వైపు తిరిగింది. "పదండి. నా కోడలికి ఏమన్నా అయితే మాత్రం నీ సంగతి చెబుతా."

ఆటోలో నలుగురం ఆ ఆరోగ్య కేంద్రానికి పోయాం. మీటింగు హాలు గుమ్మంలో నిలబడేసరికి లోపల ఇరవై మంది సిస్టర్లు, బల్ల వెనక డాక్టరు గారు. మా పెద్ద సిస్టర్ మమ్మల్ని చూసి లేచింది. నేను ఆవిడ వైపు చూడలేదు. చూస్తే వెనక్కి తిరిగి పారిపోతానని తెలుసు. పొద్దున ఆ పిల్ల చెప్పినవన్నీ గడగడా అప్పజెప్పేశాను.

"బి.పి. ఎంత?" అన్నాడు డాక్టరు గారు.

"తెలీదండి."

"కార్డు మీద రాసుందిగా?"

"అది నేను ఊరికే రాశానండి. నాకు చప్పుడు ఎప్పుడూ వినపడలేదండి. ఒక్కసారి కూడా."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ పిల్లని అక్కడే బెంచీ మీద పడుకోబెట్టి పట్టీ కట్టాడు. వింటున్నంతసేపు ఆయన కళ్ళు పాదరసం మీదే ఉన్నాయి. "జీపు తియ్యమను," అన్నాడు బయటికి. సూది మందు పేరేదో చెబితే మా పెద్ద సిస్టర్ పరిగెత్తింది. ఆ సందులో ఆయన స్టెతస్కోపు తీసి నా మీదికి విసిరినంత పని చేశాడు.

"పెట్టుకో."

పెట్టుకున్నాను. 

"ఛ! ఎటు పెట్టావు? ఆ వంపు ముక్కు వైపుకి ఉండాలి. తిరగేసి పెట్టుకుంటే చెవి గోడకి ఆనుతుంది, ఏం వినపడుద్ది? ఇది కూడా చెప్పలేదా మీకు?"

చెప్పలేదు. మొదట నిలబడ్డ అమ్మాయి ఎలా పెట్టుకుందో తర్వాతి వాళ్ళం అలాగే పెట్టుకున్నాం, నందివెలుగు కూడా. ఆయనే తీసి తిప్పి పెట్టాడు. గాలి కొట్టి వదిలాడు. నా కుడి చెవిలో టక్ అంది. టక్, టక్, టక్. మా అబ్బా కొట్టులో సుత్తి అంత స్పష్టంగా. ఏడు నెలలుగా నేను వినాలని అల్లాని అడిగిన చప్పుడు. పాదరసం దిగుతోంది. చప్పుడు ఆగడం లేదు.

"ఎక్కడ ఆగింది?"

"ఇంకా ఆగలేదండి."

నూట ముప్ఫై. నూట ఇరవై. ఆగవే, ఆగవే అని లోపల మొత్తుకుంటున్నాను. ఆ పిల్ల నా మొహమే చూస్తూ పడుకుంది. నూట పద్నాలుగు దగ్గర ఆగింది. నేను రాసిన పై అంకె కంటే ఆమె కింది అంకె ఎక్కువ. 

జీపులో వెనక సీట్లో ఆ పిల్ల తల నా ఒళ్ళో ఉంది. తెనాలి పెద్దాసుపత్రికి పోవాలి. ఎదురుగా అత్తగారు, పెద్ద సిస్టర్. రోడ్డుకి అటూ ఇటూ ఊడ్పులవుతున్నాయి, ఎండ నీళ్ళ మీద పడి మెరుస్తోంది. ఆ పిల్ల వెలుతురు భరించలేక కొంగు కళ్ళ మీదికి లాక్కుంది. నేను మనసులో మైళ్ళు లెక్కపెడుతున్నాను. తెనాలి ఇంకా కొంచెం దూరం ఉందనగా కొంగు కింద ఆమె పెదవి ఒక పక్కకి లాగింది. తర్వాత ఒళ్ళంతా కొయ్యబారిపోయింది.  

"పక్కకి తిప్పు, పక్కకి తిప్పి పట్టుకో!" అని పెద్ద సిస్టర్ అరిచింది. పట్టుకున్నాను. కొట్టుకుంటున్న ఆ భుజాల్ని పట్టుకుని, అత్తగారి ఏడుపు చెవిలో పడుతుంటే, నేను చేసిన దానికి నన్ను తీసుకుపో, దీన్ని కాదు అని అల్లాకి మొక్కుకున్నాను. ఎంతసేపో చెప్పలేను. ఆమె ఒళ్ళు సడలింది. గురక లాంటి ఊపిరి వచ్చింది. ఊపిరి ఉంది.

పొద్దు వాలకముందే ఆపరేషన్ చేశారు. ఆడపిల్ల, రెండు కిలోలు కూడా లేదు. తల్లికి రెండు రోజులు చూపు మసకగా ఉండి తర్వాత తేటపడింది. ఇద్దరూ బతికారు. వాళ్ళమ్మ మర్నాడు వేటపాలెం నుంచి వచ్చి, జీడిగింజల నూనెకి నల్లబడి పొట్టు లేచిన చేతులతో నా చేతులు పట్టుకుని, "టయానికి తెచ్చావంట తల్లీ" అంది. అత్తగారు పక్కనే ఉంది. ఆమె నా వైపు చూడను కూడా లేదు. నేను ఆ చేతుల్లోంచి నా చేతులు ఎలా లాక్కోవాలో తెలియక నిలబడ్డాను.

బయట వరండాలో పెద్ద సిస్టర్ కూర్చుని ఉంది. తిడుతుందని వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. తిట్టలేదు. 

"ఒక్కరోజన్నా నీ పక్కన కూర్చుని చూడలేదే నేను," అంది. "రిజిస్టర్లో ఇంకా ఎంతమంది ఉన్నారు, నువ్వూ అదీ చూసినవాళ్ళు?"

"ముప్ఫై ఒక్క మంది సిస్టర్." 

"రేపు పొద్దున్నే మొదలుపెడదాం. మీరిద్దరే చూడాలి. నేను పక్కన నిలబడి మళ్ళీ వింటాను. మా బి.పి. ఇంతకుముందు చూశారుగా అని ఎవరన్నా అంటే ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నేను చెప్పను."

నన్ను చదువులో ఉంచాలో పంపెయ్యాలో ఇళ్ళన్నీ తిరిగొచ్చాక ఆలోచిస్తానన్నాడు డాక్టరు గారు. నిజం చెప్పాలంటే ఆ మాట నన్ను పెద్దగా తాకలేదు. ఆ ముప్ఫై ఒక్క ఇళ్ళలో ఇంకెవరి చేతిలో చప్పుడు ఆగకుండా కొట్టుకుంటోందో అన్నదే నా భయం.

మొదటి ఇంట్లో ఆరో నెల గర్భిణి వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది. మమ్మల్ని చూసి నవ్వింది. పీట వేసింది. నేను పెట్టె తెరుస్తుంటే అడక్కుండానే చెయ్యి చాపింది, ప్రతి నెలా చాపినట్టే.

"మొన్ననే చూశావు గదమ్మా నర్సమ్మా. అంతా బాగుందన్నావుగా?"

పెద్ద సిస్టర్ గోడకి ఆనుకుని ఎటో చూస్తోంది. నందివెలుగు తల దించుకుంది.

"చూడలేదమ్మా," అన్నాను. "రాశానంతే."

ఆమె నవ్వు అలాగే కాసేపు మొహం మీద ఉండిపోయింది. తర్వాత, చాపిన చేతిని మెల్లగా వెనక్కి తీసుకుని పొట్ట మీద పెట్టుకుంది.